మూడో ట్రిప్పు

"డ్రైవరు ఈ దేశానికి స్టీరింగు. పోటీ ఈ దేశానికి డీజిలు. ఈ రెండింటినీ వచ్చే శుక్రవారం వైదము మిల్లు గేటు దగ్గర నేను స్వయంగా కలుపుతాను."

సరుకు రవాణా పోటీ శాఖ మంత్రి, గౌరవనీయులు శ్రీ జగ్‌రూప్ బిసేసర్ గారు రాజధాని సువా నుంచి రేడియోలో ఈ ప్రకటన చేసినప్పుడు నేను దేవుడి గూటి ముందు దీపం వెలిగిస్తున్నాను. స్టీరింగులో డీజిలు పోస్తే లారీ ఏమవుతుందని మా ఇంటావిడ వంటింట్లోంచి అడిగింది. మంత్రుల మాట మంత్రం లాంటిది, అర్థం తెలియకపోయినా ఫలం ఉంటుందని చెప్పి కొట్టు తెరవడానికి వెళ్ళాను. ఫలం ఎవరికన్నది అప్పుడు నాకు తోచలేదు.

మాది చక్కెర మిల్లు గేటు ఎదురుగా చిన్న కొట్టు. రొట్టె, బంగాళాదుంప కూర, టీ. చెరకు ఆడే ఆరు నెలలూ లారీలు మా గుమ్మం ముందే బారు తీరుతాయి. డ్రైవర్లు ఆ బారులోనే తింటారు, పళ్ళు తోముకుంటారు, పిల్లల చదువు గురించి ఫోన్లో ఇంటివాళ్ళతో పోట్లాడతారు. పొలంలో చెరకు ఎక్కించడానికి మూడు గంటలు, మిల్లుకి రావడానికి గంట, గేటు దగ్గర కూర్చోవడానికి ఇరవై గంటలు. కూలి మాత్రం టన్ను లెక్కన. కూర్చున్నదానికి ఏమీ లేదు.

ఒకప్పుడు చెరకు బాడుగ అందరికీ ఒకే రేటు ఉండేది. అందులో పోటీ లేదన్న లోపాన్ని కనిపెట్టినవారు మన మంత్రిగారే. ఎవరు తక్కువకి తోలితే వాళ్ళకే చెరకు అని మార్చారు. లారీల యజమానుల్లో లోచన్ సేఠ్ టన్నుకి పద్నాలుగు డాలర్లంటే ఫయాజ్ సేఠ్ పదమూడన్నర అన్నాడు. ఫయాజ్ సేఠ్ పదమూడన్నర అంటే లోచన్ సేఠ్ పదమూడు అన్నాడు. డీజిలు ధర తగ్గదు. టైరు ధర తగ్గదు. తగ్గగలిగింది ఒక్క డ్రైవరే కాబట్టి అతన్నే తగ్గించారు. దీన్ని మంత్రిగారి శాఖ "ఆరోగ్యకరమైన పోటీ" అని పత్రికల్లో వేయించింది. నిజమే. మా కొట్లో మూడు రొట్టెలు తినేవాళ్ళు ఇప్పుడు రెండు రొట్టెలతోనే లేస్తున్నారు. మితాహారం ఆరోగ్యమని మా గురువుగారు కూడా చెప్పేవారు.

లోచన్ సేఠ్ దగ్గర పదకొండేళ్ళుగా లారీ నడుపుతున్నవాడు సురుజ్. నెమ్మదైన మనిషి. ఇద్దరు ఆడపిల్లలు, ఒక తల్లి, రేకుల ఇల్లు. టన్నుకి డాలరున్నర తెచ్చుకునేవాడు, ఇప్పుడు డాలరూ పావలాకి వచ్చాడు. పోటీ పెరిగాక సేఠ్ కొత్త నియమం పెట్టాడు. వారానికి మూడు ట్రిప్పులు. శుక్రవారం మధ్యాహ్నం మిల్లు రెండు గంటల కూత వేసేలోగా మూడు తూకం చీటీలు చేతికివ్వాలి. లేకపోతే తాళంచెవి ఇంకొకడి చేతికి. ఆ తాళంచెవి కోసం సేఠ్ ఇంటి అరుగు మీద రోజూ ఎవరో ఒకరు కూర్చునే ఉంటారు.

మంత్రిగారు వచ్చే శుక్రవారం పొద్దున సురుజ్ దగ్గర రెండు చీటీలున్నాయి. మూడో లోడు లారీలో ఉంది. లారీ బారులో నాలుగోది. పంతొమ్మిది గంటలు కూర్చుని నాలుగో స్థానానికి వచ్చాడు.

"కాకా, టీ ఇక్కడికే అందించు. నేను దిగను," అన్నాడు కిటికీలోంచి.

అతని వెనక లారీ జోపెది. జోపె ముసలివాడు. ఈ బారుకి పెద్ద అతనే. "ఏరా సురుజ్, సీటుకి మేకు కొట్టించుకున్నావా?" అని అరిచాడు.

"మేకు కొట్టేవాడు కూలి అడుగుతాడు తాతా. అందుకే ఊరికే కూర్చున్నా."

"నాలుగు లారీలే కదరా. దిగి కాస్త నడుం వాల్చు."

"నా సీటు ఖాళీ అయితే నీ లారీ ముందుకి జరుగుతుందని నాకు తెలీదనుకున్నావా, ముసలోడా!"

జోపె పళ్ళు లేని నోటితో నవ్వాడు. వాళ్ళ బారుకి ఒక్కటే నియమం. బారు కదిలినప్పుడు సీట్లో మనిషి లేకపోతే ఆ లారీ చివరికి పోవాలి. కారణం అడగరు, ఎవరికీ మినహాయింపు లేదు. ఏ ప్రభుత్వమూ రాయలేదు కాబట్టి ఆ నియమాన్ని అందరూ పాటిస్తారు. పోయిన నెల ఒకతను పంటి నొప్పికి లవంగాలు కొందామని మా కొట్టుకొచ్చాడు. అంతలో బారు కదిలింది. "రూలు రూలే అన్నా" అని అతన్ని అరవయ్యో స్థానానికి పంపింది ఈ సురుజే.

తొమ్మిదింటికి రావలసిన మంత్రిగారు పదిన్నరకే వచ్చేశారు. ఆయనది నిండు విగ్రహం. కారు దిగితే ఆ వైపు స్ప్రింగులు ఊపిరి తీసుకుని లేచాయి. మెడలో ఏడు దండలు పడ్డాక ఇంకా నిండుగా కనిపించారు. వెంట క్లైవ్ దొర. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన పోటీ నిపుణుడు. ఆయన చేతిలో ఒక పుస్తకం, చెవి మీద ఒక పెన్సిలు. మా దేశంలో ఏది జరిగినా ఆ పెన్సిలు దిగి ఆ పుస్తకంలోకి వస్తుంది.

మిల్లు షెడ్డులో అద్దెకు తెచ్చిన కుర్చీలు నలభై ఉన్నాయి. నలభై ఖాళీ.

"డ్రైవర్లేరీ?" అన్నారు మంత్రిగారు.

"లారీల్లో ఉన్నారండి," అన్నాను నేను. టీ కప్పులు అందిస్తున్నది నేనే కాబట్టి.

"డ్రైవర్లకి గౌరవం ఇవ్వడానికి సువా నుంచి వస్తే లారీల్లో కూర్చోవడమేమిటి? గౌరవం ఇక్కడుంది కదా!"

లారీలు దిగితే స్థానం పోతుందని వివరించాను. మంత్రిగారు వెంటనే బారు ఆపమని మిల్లు మేనేజరుకి కబురు పెట్టారు. లారీలు ఆగితే గానుగ ఆగుతుందనీ, గానుగ ఆగితే రసం పులుస్తుందనీ మేనేజరు తిరుగు కబురు పంపాడు. ఉపన్యాసం ఆగితే ఏం పులుస్తుందో ఎవరూ చెప్పలేదు గాని, రెండూ నడవాలని నిర్ణయమైంది.

క్లైవ్ దొర పెట్టె తెరిచి బంగారు అంచున్న నలభై కాగితాలు తీశాడు. ఇటువంటి అవసరాల కోసం ఆయన ఎప్పుడూ దగ్గర ఉంచుకుంటాడట. దాని పేరు స్థాన హామీ పత్రం. ప్రభుత్వ ముద్ర కింద ఇలా ఉంది: "ఈ పత్రం గల డ్రైవరు తన లారీని ఎక్కడ వదిలాడో అది అక్కడే ఉంటుందని ప్రభుత్వం హామీ ఇస్తున్నది."

తూకం దగ్గరి సందులో మూడే బళ్ళు పడతాయి. ఒక పక్క మురుగు కాలువ, ఇంకో పక్క మిల్లు రైలు పట్టాలు. ఆ మూడింటి డ్రైవర్లని కదిలిస్తే దారి మూసుకుపోతుందని వదిలేశారు. నాలుగో లారీ నుంచి నలభై మందికి పత్రాలు పంచారు.

సురుజ్ పత్రాన్ని రెండుసార్లు చదివాడు. "కాకా, ఇది మన బారులో చెల్లుతుందా?"

"నాకేం తెలుసు నాయనా, నేను ఎనిమిదో తరగతి. ముద్ర మాత్రం నిజమైనదే."

అంతలో లోచన్ సేఠ్ పరుగున వచ్చాడు. తెల్ల చొక్కా మీద మంత్రిగారి పార్టీ బ్యాడ్జీ. "దిగరా! ముందు వరసలో నా మనిషి కుర్చీ ఖాళీగా ఉంటే మంత్రిగారు ఏమనుకుంటారు? ఫయాజ్ మనుషులు అప్పుడే కూర్చున్నారు!"

"సేఠ్, ఇంకో అరగంటలో తూకం అయిపోతుంది. రెండింటికి మీకు చీటీ ఇవ్వాలి."

"ఇస్తావులేరా. ప్రభుత్వం హామీ ఇచ్చాక భయమేంటి?"

"మరి రెండింటికి అందకపోతే మీరు..."

"నియమం నియమమే. ఆ సంగతి వేరు, ఈ సంగతి వేరు. దిగు ముందు."

సురుజ్ దిగాడు. దిగుతూ సీటు మీద తన తువ్వాలు పరిచాడు. తువ్వాలు మనిషి కాదని అతనికీ తెలుసు.

మా వైపు పెద్దలొస్తే యంగోనా అనే మొక్క వేరుని నీళ్ళలో పిసికి, చెక్క గిన్నెలో కలిపి, కొబ్బరి చిప్పతో అందిస్తారు. అది మర్యాద. గిన్నె కలిపాక అది ఖాళీ అయ్యేదాకా ఎవరూ లేవకూడదు. అది అంతకంటే పెద్ద మర్యాద. చిప్ప ఖాళీ అయినప్పుడల్లా అందరూ అరచేతులు దొప్పలుగా చేసి మూడుసార్లు చరుస్తారు. డ్రైవర్లలో పెద్ద కాబట్టి గిన్నె ముందు జోపెనే కూర్చోబెట్టారు. పత్రం మడిచి జేబులో పెట్టుకుని అతను వేరు పిసకడం మొదలుపెట్టాడు.

"గిన్నె నిండుగానా, సగమా అయ్యా?" అని అడిగాడు.

"హైటైడ్!" అన్నారు మంత్రిగారు. అంటే నిండుగా. అందరూ నవ్వారు. అది మంత్రిగారి నిరాడంబరత్వం.

తర్వాత ఉపన్యాసం. అంత గొప్ప ఉపన్యాసం నేను వినలేదు. మంత్రిగారు ఉడుత దగ్గర మొదలుపెట్టారు. సముద్రం మీద వారధి కట్టేటప్పుడు చిన్న ఉడుత ఇసుక మోసిందే, టన్నుకి ఎంత అని అడిగిందా? వెయిటింగు చార్జి అడిగిందా? ఆ భక్తే ఈనాడు మన రవాణా రంగానికి కావాలన్నారు. మా మంగళవారం భజన మండలిలో ఆ కథ నేను చాలాసార్లు చెప్పాను. దేవుడు ఉడుతని చేతిలోకి తీసుకుని వీపు నిమిరాడని మాకు చెప్పారు. మంత్రిగారికి టైము తక్కువ కాబట్టి అక్కడిదాకా వెళ్ళలేదు.

అప్పుడే తూకం గంట మోగింది. బారు కదిలింది.

సురుజ్ కుర్చీలోంచి సగం లేచాడు. జోపె గిన్నె మీద నుంచి తల ఎత్తి చూశాడు, అంతే. సురుజ్ కూర్చున్నాడు. షెడ్డు స్తంభాల మధ్య నుంచి మాకు రోడ్డు కనబడుతూనే ఉంది. నలభై నాలుగో లారీ డ్రైవరుకి పత్రం దొరకలేదు. కుర్చీ లేదని పిలవలేదు. అతను ఖాళీ సీట్ల నలభై లారీలనీ ఒక్కొక్కటిగా చూసుకుంటూ, ప్రతిదాని దగ్గరా మర్యాదగా ఒకసారి హారను కొట్టి, పక్క నుంచి ముందుకి వచ్చి సందులోకి దూరాడు. అతని వెనక నలభై అయిదోది. వాళ్ళ తప్పేమీ లేదు. రూలు రూలే.

"ఇప్పుడు ప్రత్యక్ష పోటీ!" అన్నారు మంత్రిగారు. "లోచన్ భాయ్, ఈ సభాముఖంగా టన్నుకి నీ రేటు చెప్పు."

"పన్నెండున్నర," అన్నాడు లోచన్ సేఠ్ ఛాతీ విరిచి.

ఆ క్షణానే క్లైవ్ దొర చిప్ప ఖాళీ చేశాడు. డ్రైవర్లంతా మూడుసార్లు అరచేతులు చరిచారు. దొర పెన్సిలు తీశాడు. రేటు తగ్గింపుపై డ్రైవర్ల హర్షధ్వానాలు అని రాసుకోవడం నేను టీ ఇస్తూ చూశాను.

"పన్నెండు!" అన్నాడు ఫయాజ్ సేఠ్. మిల్లు మేనేజరు చిప్ప ఖాళీ చేశాడు. మూడు చప్పట్లు.

"పదకొండు!" లోచన్ సేఠ్ తన వెనక కుర్చీ వైపు వంగి మెల్లగా అన్నాడు, "సురుజ్, నీది టన్నుకి డాలరు."

"సేఠ్, నిన్నటిదాకా డాలరూ పావలా..."

"మంత్రిగారి ముందు బేరమాడతావా? సిగ్గులేదూ?"

చిప్ప సురుజ్ వంతుకి వచ్చింది. తాగాడు. నలభై మంది మూడు చప్పట్లు కొట్టారు. దొర ఆ పేజీ నిండిపోయిందని తిప్పాడు. చివరికి లోచన్ సేఠ్ పది డాలర్లకి గెలిచి, మంత్రిగారి చేత దండ వేయించుకున్నాడు. సురుజ్ టన్నుకి ఎనభై సెంట్ల దగ్గర ఆగాడు. తనని సన్మానించే సభలోనే ఒక మనిషి ఇంత వేగంగా ప్రగతి సాధించడం నేను కళ్ళారా చూశాను.

ఇక ముఖాముఖి. "భయం లేకుండా అడగండి," అన్నారు మంత్రిగారు.

సురుజ్ లేవకుండానే చేతులు జోడించాడు. "అయ్యా, మేం గేటు దగ్గర ఇరవై గంటలు కూర్చుంటాం. దానికి ఏమీ ఇవ్వరు. గంటకి ఒక డాలరన్నా..."

"ఎన్ని గంటలు?"

"ఇరవై అయ్యా."

"ఇరవై గంటల విశ్రాంతి!" మంత్రిగారు క్లైవ్ దొర వైపు తిరిగారు. "సువాలో నాకు నాలుగు గంటలు కూడా దొరకదు. విశ్రాంతికి డబ్బు ఎవరు ఎవరికి ఇవ్వాలి? నేను గట్టిగా అడగటం లేదు. ఆలోచించమంటున్నాను."

డ్రైవర్లు ఆలోచనలో పడ్డారు. అడిగినందుకు తామే ఇవ్వాల్సి వస్తుందేమోనని ఇంకెవరూ అడగలేదు. అయినా మంత్రిగారు దయామయులు. నిరీక్షణ మీద ఒక కమిటీ వేశారు. సభ్యులు ఏడుగురు. కూర్చున్న ప్రతిసారీ ఒక్కొక్కరికి రెండువందల డాలర్ల భత్యం. కమిటీలో డ్రైవర్లెవరైనా ఉంటారా అని నేను అడిగాను, తెలియకే అడిగాను. డ్రైవర్లకి కూర్చునే అనుభవం ఎక్కువే గాని కమిటీ కుర్చీలు వేరని క్లైవ్ దొర చెప్పాడు.

"తాతా, గిన్నెలో ఇంకా ఎంతుంది?" అని సురుజ్ పళ్ళ బిగువున అడిగాడు.

"సగం," అన్నాడు జోపె. అతని లారీ కూడా బయటే ఉంది. అతనూ స్తంభాల మధ్య నుంచే చూస్తున్నాడు.

"హైటైడ్!" అన్నారు మంత్రిగారు.

నేను కెటిలు నింపుకోవడానికి కొట్టుకి వచ్చేసరికి మంత్రిగారి డ్రైవరు సకీ అక్కడున్నాడు. ఇస్త్రీ యూనిఫాం, నల్ల కళ్ళద్దాలు. కారు మా కొట్టు పక్క నీడలో పెట్టి రొట్టె తింటున్నాడు.

"కాకా, రసీదు రాసివ్వు. రెండు గంటలు దాటితే వెయిటింగ్ భోజనం మాకు ప్రభుత్వమే ఇస్తుంది."

"వెయిటింగుకి కూడా ఇస్తారా నాయనా?"

"గంటకి ఆరు డాలర్లు. సెలవు రోజైతే తొమ్మిది. నిజం చెప్పాలంటే కాకా, నడిపితే ఉత్త జీతమే. ఉపన్యాసం పొడుగైతేనే మా ఇంట్లో మాంసం."

నేను రసీదు రాస్తుండగా పొలాల నుంచి కొత్త లారీలు ఇంకా వచ్చి చేరాయి. రోడ్డు ఇరుకైపోయింది. వెనకనుంచి ఒకటే హారన్లు. "ఓయ్ కళ్ళద్దాలూ! ముందుకైనా పో, పక్కకైనా పో!" అని ఎవరో అరిచారు. సకీ రొట్టె నోట్లో పెట్టుకుని పరిగెత్తి కారు తీశాడు. పక్కకి చోటు లేదు. ముందుకి పోయాడు. ముందున్నది సందు. ఒక పక్క కాలువ, ఒక పక్క పట్టాలు, వెనక పదిహేను టన్నుల చెరకు. మంత్రిగారి కారు బారులో చేరిపోయింది. సీట్లో మనిషి ఉన్నాడు కాబట్టి ఎవరూ ఆక్షేపించలేదు.

గిన్నె ఖాళీ అయ్యేసరికి ఒకటిన్నర దాటింది. చివరి చప్పట్లు ఆగకముందే సురుజ్ పరిగెత్తాడు. అతని లారీ వదిలిన చోటే ఉంది. తువ్వాలు కూడా పరిచినచోటే ఉంది. పక్కనుంచి మాత్రం ఎడతెగకుండా లారీలు పోతున్నాయి. ఇక అతని చోటు పదిహేడు లారీల వెనక, బారు చివర.

సురుజ్ తూకం గది కిటికీ దగ్గరికి వెళ్ళి పత్రం లోపలికి పెట్టాడు. తూకం గుమాస్తా మెరె అనే అమ్మాయి. చాలా కచ్చితమైన పిల్ల. పత్రం మొత్తం చదివింది.

"అన్నా, నీ లారీ ఎక్కడ వదిలావు?"

"కొట్టు ఎదురుగా."

"ఇప్పుడెక్కడుంది?"

"కొట్టు ఎదురుగానే."

"మరింకేం? ప్రభుత్వం మాట తప్పలేదు," అని పత్రం తిరిగి ఇచ్చింది. తర్వాత గొంతు తగ్గించి, "ఎన్ని చీటీలున్నాయి?" అంది.

"రెండు."

గోడ గడియారం ఒకటీ నలభై అయిదు చూపిస్తోంది. మెరె దానివంక చూసింది. వెనక నుంచి జోపె వచ్చి సురుజ్ భుజం మీద చెయ్యి వేశాడు. "నేను సగం గిన్నెతో సరిపెడదామనుకున్నానురా. ఆయన నిండుగా అన్నాడు."

"రూలు రూలే తాతా," అన్నాడు సురుజ్.

అతను కిటికీ దగ్గర్నుంచి కదల్లేదు. ఎక్కడికి పోవాలో తెలియక నిలబడిపోయాడని నా ఉద్దేశం.

అప్పటికే మంత్రిగారు కారు కోసం వెతుకుతూ సందులోకి వచ్చారు. కారు సరిగ్గా తూకం పలక ముందుంది. వెనక్కి పోయే దారి లేదు. ముందున్నది ఒక గేటు. అది దాటాలంటే పలక మీద తూగాలి. మంత్రిగారు ఏమాత్రం కంగారుపడలేదు. "సామాన్య డ్రైవరు వెళ్ళే దారిలోనే నేనూ వెళ్తాను," అని కారెక్కి కూర్చున్నారు. ఫోటోగ్రాఫరు నాలుగు ఫోటోలు తీశాడు. కారు పలక మీదికెక్కింది.

మెరె మైకులో అడిగింది. "లోడేమిటి?"

"మంత్రిగారు," అన్నాడు సకీ.

"బరువు రాసుకున్నాను. లోడు దించి మళ్ళీ పలక మీదికి రావాలి. ఖాళీ బండి తూగితేనే గేటు లేస్తుంది."

"అమ్మాయ్, ఇది లారీ కాదు."

"పలకకి ఆ సంగతి తెలీదన్నా. రెండోసారి తూగకపోతే అది గేటు ఎత్తదు."

మంత్రిగారు నవ్వుతూ దిగారు. దండలన్నీ ఆయనతోపాటే దిగాయి. సకీ ఖాళీ కారుని వెనక్కి తీసి మళ్ళీ ఎక్కించాడు. మెరె ఒకసారి చూసింది. కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది. సకీ చేత కారుని ఇంకోసారి దింపించి ఎక్కించింది. తర్వాత చీటీ పుస్తకం తీసి, "డ్రైవరు పేరు?" అంది.

సకీ ఉలిక్కిపడ్డాడు. "నా పేరు వద్దు తల్లీ! నా పేరు రాస్తే నేను పనిచేసినట్టవుతుంది. పొద్దుటినుంచీ వెయిటింగు రాసుకున్నాను. అదంతా పోతుంది."

"పేరు లేకుండా గేటు లేవదు."

సకీ అటూ ఇటూ చూశాడు. కిటికీ పక్కనే పత్రం పట్టుకుని సురుజ్ నిలబడి ఉన్నాడు.

"ఇతని పేరు రాయి," అన్నాడు సకీ.

మెరె సురుజ్ వంక చూసింది. గడియారం వంక చూసింది. దేవుడు ఎవరిచేత ఏ చీటీ రాయిస్తాడో చెప్పలేం. ఆ కచ్చితమైన పిల్ల చకచకా రాసి, చింపి, ముద్రవేసి, సురుజ్ చేతిలో పెట్టింది. ఒకటీ యాభై అయిదు.

లోచన్ సేఠ్ గేటు అవతల మంత్రిగారికి వీడ్కోలు చెప్పడానికి నిలబడ్డాడు. పక్కన ఒక కొత్త మనిషి. సేఠ్ ఇంటి అరుగు మీద కూర్చునేవాళ్ళలో ఒకడు. సురుజ్ పరుగున వెళ్ళి మూడు చీటీలూ అందించాడు.

"మూడోది ఎక్కడిదిరా? నీ లారీ రోడ్డు మీదుంది కదా!"

"మంత్రిగారి ట్రిప్పు, సేఠ్. తూకం అయింది. నా పేరే ఉంది చూడండి."

"ఇది ట్రిప్పు ఎలా అవుతుంది?"

"ఏమన్నావు?" అన్నారు మంత్రిగారు వెనక్కి తిరిగి. "నా ట్రిప్పు ట్రిప్పు కాదా?"

లోచన్ సేఠ్ ముఖం పాలిపోయింది. "అయ్యయ్యో, తమది కాదంటే నా కళ్ళు పోతాయి. ఇతని పేరున రాశారేమిటా అని..."

"నా కారు ఏ డ్రైవరు పేరున తూగితే ఏమయ్యా? పోటీలో అందరూ సమానమే. ఇది చారిత్రక ట్రిప్పు. లెక్కలో వేసుకో!"

క్లైవ్ దొర పెన్సిలు అప్పటికే దిగింది. "చాలా ముఖ్యం, మేట్," అన్నాడు. "వచ్చిన మూడున్నర గంటల్లో తూకం ముగించుకున్న మొదటి బండి ఇదే. బారు బ్రహ్మాండంగా పనిచేస్తోంది."

లోచన్ సేఠ్ మంత్రిగారి ముందే తలూపి మూడో చీటీని లెక్కలో వేసుకున్నాడు. కొత్త మనిషి వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. తాళంచెవి సురుజ్ జేబులోనే ఉండిపోయింది. నేను మనసులో దణ్ణం పెట్టుకున్నాను. మంత్రిగారి కారు దుమ్ము లేపుకుంటూ వెళ్ళింది. సకీ కిటికీలోంచి రసీదు ఊపాడు.

కారు కనుమరుగయ్యాక లోచన్ సేఠ్ కళ్ళజోడు పెట్టుకున్నాడు. "సరే, కూలి కట్టాలి కదా. టన్నుకి ఎనభై సెంట్లు. లోడెంతో చూద్దాం," అని చీటీ ఎత్తి వెలుతురులో పట్టుకున్నాడు. చదివాడు. కళ్ళజోడు తుడిచి మళ్ళీ చదివాడు.

నేనూ పక్కనుంచి చూశాను. మెరె అక్షరాలు గుండ్రంగా, స్పష్టంగా ఉంటాయి.

మంత్రిగారు ఉండగా బరువు: రెండు టన్నుల ఆరువందల ఎనభై కిలోలు.
మంత్రిగారు దిగాక బరువు: రెండు టన్నుల ఆరువందల ఎనభై కిలోలు.
లోడు: సున్నా.

"ఇదేమిటమ్మాయ్, తూకం చెడిపోయిందా?" అని సేఠ్ కిటికీ వైపు అరిచాడు.

"లేదు సేఠ్," అంది మెరె మైకులో. "పోయిన నెలే మంత్రిగారి శాఖవాళ్ళు వచ్చి సరిచూసి సీలు వేశారు. ఇరవై కిలోల తేడా వచ్చినా చూపిస్తుంది. నేను మూడుసార్లు తూచాను."

రెండు గంటల కూత వేశారు. సురుజ్ వెళ్ళి తువ్వాలు మడిచి పక్కన పెట్టి, లారీని బారు చివరికి తిప్పుకున్నాడు. టీ తీసుకెళ్ళి ఇచ్చాను. కిటికీలోంచే తాగాడు.